నష్టం కూడా ఆదాయమే

మా చక్కెర మిల్లు ఊళ్లో ఒకప్పుడు నష్టం రావడం గొప్పగా చెప్పుకునేవారు. నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. క్లబ్బులో బీరు గ్లాసు పట్టుకుని ఒకడు "ఈ ఏడు ఇంటి మీద నాకు ఇంత నష్టం" అనేవాడు. పక్కవాడు "నాకు అంతకంటే ఎక్కువే" అని ఛాతీ విరుచుకునేవాడు. వినేవాళ్లు ఇద్దర్నీ తెలివైనవాళ్ల కింద జమకట్టేవాళ్లు. సంగతేమిటంటే, అప్పు చేసి రెండో ఇల్లు కొని అద్దెకిస్తారు. వచ్చే అద్దె కంటే బ్యాంకుకి కట్టే వడ్డీ ఎక్కువైతే ఆ తేడాని జీతంలోంచి తీసేసి, మిగిలిన దాని మీదే పన్ను వేస్తారు. ఏడాది తిరిగేసరికి కట్టిన పన్నులో కొంత వెనక్కి వస్తుంది. డాలరు పోగొట్టుకుని, అందులో మూడో వంతు తిరిగొస్తే పండగ చేసుకునే జనాన్ని నేను ఇక్కడే చూశాను. మా ఆయన ఆల్డో జీవితమంతా చెరకు నరికి బతికిన మనిషి. ఆయన బతికుంటే వీళ్లందరికీ పిచ్చి పట్టిందనేవాడు.

నా కొడుకు రెంజో కూడా ఆ తెలివైనవాళ్లలో చేరాడు.

రెంజో మిల్లులో చెరకు రైలు నడిపేవాడు. బర్డెకిన్ నది ఇవతల పొలాల్లోంచి చెరకు పెట్టెలు లాక్కుని మా ఇంటి వెనక పట్టాల మీదుగా మిల్లుకి పోతూ, కంచె దగ్గరకొచ్చేసరికి రెండుసార్లు కూత వేసేవాడు. నాలుగేళ్ల మనవడు లూకా ఎక్కడున్నా పరిగెత్తి చెయ్యూపేవాడు. తొమ్మిదేళ్ల మనవరాలు బియాంకాకి అప్పటికే సిగ్గు మొదలై, కిటికీలోంచి మాత్రమే ఊపేది. స్తంభాల మీద కట్టిన ఇల్లు మాది. పైన కొడుకూ కోడలూ పిల్లలూ, కింద గోడలు కట్టించుకుని నేను.

ఆ కూత విలువ నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆల్డో చెరకు లేని నెలల్లో గనుల్లోకి పోయేవాడు. తిరిగొచ్చినప్పుడల్లా రెంజో నా గౌను పట్టుకుని వెనక దాక్కునేవాడు. ఆల్డో తెచ్చిన బొమ్మని బల్ల మీద పెట్టి దూరంగా కూర్చునేవాడు, పిల్లాడు తనంతట తనే వచ్చి తీసుకుంటాడని. పెద్దయ్యాక రెంజో ఒకసారి నాతో, "నా పిల్లలు నన్ను చూసి దాక్కోకూడదు, అంతే. ఇంకేం కోరికల్లేవు" అన్నాడు. గని జీతాలు ఎంత ఊరించినా మిల్లు వదల్లేదు. గనిలోకి తను పోలేదు గానీ, బొగ్గు ఊరు కార్డెల్‌లో ఇల్లు మాత్రం కొన్నాడు.

కొన్న కొత్తలో ఆ ఊళ్లో అద్దె ఇల్లు దొరక్క జనం కార్లలో పడుకునేవారు. తరవాత బొగ్గు ధర పడిపోయింది. ఉన్న కొద్దిమంది పనివాళ్లకి గనుల కంపెనీలే క్యాంపులు కట్టి మంచాలు వేశాయి. కార్డెల్‌లో వీధులకు వీధులు ఖాళీ అయ్యాయి. మావాడి ఇంటి ముందు 'అద్దెకు ఇవ్వబడును' బోర్డు ఎండకి వెలిసిపోయింది.

మిల్లులో చెరకు ఆడే క్రషింగ్ మొదలైన తొలి ఆదివారం ఇంటికింద నీడలో బల్ల వేసి అందరికీ భోజనం పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. లెక్కలు చూసే మాల్కం ఆ రోజు తప్పకుండా వస్తాడు. మిల్లులో సగం మంది పన్ను లెక్కలు అతనివే. నేను చేసిన సాసేజీలంటే అతనికి ప్రాణం.

"పియరీనా, ఈసారి నీ కొడుకు రాజు," అన్నాడు నోటినిండా పెట్టుకుని.

"ఏం, చెరకు రైలుకి కిరీటం పెట్టారా?"

"ఇల్లు ఏడాదంతా ఖాళీ. నష్టం మామూలుగా లేదు. రీఫండ్ అదిరిపోద్ది చూడు."

"ఖాళీగా ఉంటేనే రాజయ్యేటట్టైతే, నీ బుర్రకి నువ్వు ఎప్పుడో చక్రవర్తివి కావాల్సింది."

రెంజో పగలబడి నవ్వాడు. మాల్కం కూడా నవ్వి ఇంకో సాసేజీ వేసుకున్నాడు. కోడలు నరెల్ మాత్రం నవ్వలేదు. అందరి కంచాల్లోకీ సలాడ్ వడ్డిస్తూ, "ఆ రీఫండ్ ఎప్పుడొస్తుందో చెప్పు మాల్కం. బ్యాంకు కంతు వెనకపడింది," అంది.

"వచ్చే నెలలో వచ్చేస్తుంది. కంగారు పడకు."

"కంగారు కాదు. పదిహేను రోజులకోసారి గవర్నమెంటు ఇచ్చే పిల్లల భృతి పడుతోంది కాబట్టి సరిపోయింది. అది లేకపోతే ఈపాటికి మునిగేవాళ్లం. ఈయన ఏ గనికో పోవాల్సొచ్చేది."

"గని మాటెత్తకు," అన్నాడు రెంజో, లూకా కంచంలో మాంసం ముక్కలు చేస్తూ.

"ఎత్తట్లేదు. మా ఆదాయం తక్కువ కాబట్టి భృతి బాగానే ఇస్తున్నారు. పోయినేడు ఎంత సంపాదిస్తారని అడిగితే, నీ పన్ను కాగితంలో చివర ఉన్న అంకె చూసి అదే చెప్పాను. ఈ ఏడు కూడా అంతే చెప్తా."

మాల్కం నమలడం ఆపలేదు. తలెత్తి చూశాడు, అంతే. ఆ అంకెలో ఇంటి నష్టం ముందే తీసేసి ఉందనీ, భృతి ఇచ్చేవాళ్లకి చెప్పాల్సిన అంకె అది కాదనీ అతనికి ఆ క్షణంలో తట్టిందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆ బల్ల దగ్గర కూర్చున్న ఇంకెవరికీ తట్టలేదు. మా ఊళ్లో ఎవరికైనా అలాగే అనిపించేది. ఆదాయమెంత అంటే పన్ను కాగితంలో ఉన్నంత. పోయిన డబ్బు పోయినట్టే కదా, దాన్ని సంపాదన కింద ఎవరు చెప్తారు?

రీఫండ్ రాలేదు. దాని బదులు భృతి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అది చదివి నరెల్ నేరుగా నా దగ్గరికి దిగొచ్చింది. నేను న్యోకి చేస్తున్నాను. ఉడికించిన బంగాళాదుంపలు మెదిపి, పిండి కలిపి, చిన్న చిన్న ఉండలు ఫోర్కు మీద దొర్లిస్తే చాలు. పెళ్లైన కొత్తలో నరెల్‌కి ఈ పని చేతకాక అన్నీ చప్పిడి బిళ్లల్లా వచ్చేవి. ఇప్పుడు నాకంటే వేగంగా చేస్తుంది. పిల్లల్ని చూసి తనూ నన్ను నోన్నా, అంటే నానమ్మా, అనడం అలవాటు చేసుకుంది.

"నోన్నా, ఒకసారి నువ్వూ విను. నాకు సరిగ్గా అర్థం కావట్లేదేమో," అని ఫోన్ కలిపి, శబ్దం పెద్దది చేసి, బల్ల మీద పిండి పక్కన పెట్టింది. ఫోన్లో సంగీతం మొదలైంది. చాలాసేపు అదే పాట. చేతులు ఖాళీగా ఉంచలేక నరెల్ కూడా ఉండలు దొర్లించసాగింది. పాట ఆగి అమ్మాయి గొంతు వినిపించేసరికి ఆ పూట వంట సగం అయిపోయింది.

"హలో నరెల్, నా పేరు జోడీ. ఇవాళ నేను మీకు ఏ విధంగా సాయపడగలను?"

ముక్కూ మొహం తెలియని పిల్ల, పేరు పెట్టి పిలుస్తోంది. గొంతు మాత్రం తియ్యగా ఉంది. నరెల్ ఉత్తరం సంగతి చెప్పింది.

"ఆ, కనిపిస్తోంది. పోయినేడు మీరు చెప్పిన ఆదాయం తక్కువ నరెల్. మీవారు పన్ను లెక్కలో ఇంటి నష్టం తీసేశారు కదా, దాన్ని మేం తిరిగి కలుపుతాం."

"ఎందులో కలుపుతారు?"

"మీ ఆదాయంలో."

"అది ఆదాయం కాదు జోడీ. పోయిన డబ్బు."

"అర్థమవుతోంది. కానీ భృతి లెక్కలో దాన్ని మీ దగ్గరున్న డబ్బు కిందే చూస్తాం. ఆ ఇల్లు మీరు ఇష్టపడి కొన్నది కాబట్టి."

"పన్నులవాళ్లు నష్టమేనని ఒప్పుకున్నారుగా?"

"వాళ్ల లెక్క వేరండీ."

"మీరూ వాళ్లూ ఒకే గవర్నమెంటు కాదా?"

"ఒకటే. లెక్కలు వేరు," అంది. ఆమె గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే ఈ సంగతి మాకు అర్థమయ్యేలా చెప్పాలని చూస్తోంది.

పోయినేడు మాకు ఎక్కువ ఇచ్చేశారట. అందుకని రీఫండ్ మొత్తం పట్టేసుకున్నారు. అదీ చాలలేదు కాబట్టి మిగిలినది ముందు రాబోయే భృతిలో కొంచెం కొంచెం కోస్తారట. పైగా ఈ ఏడు ఆదాయంలో కూడా నష్టం కలిపి చూస్తే అసలు మాకు వచ్చే భృతే నామమాత్రం. ఆ నామమాత్రంలోంచే కోత.

"అంటే ఆ ఇంటి వల్ల ఎంత ఎక్కువ నష్టపోతే, మీ లెక్కలో మేం అంత డబ్బున్నవాళ్లం," అంది నరెల్.

"అలా కాదండీ. నష్టం తీసేయకముందు ఎంత ఉందో అంతే చూస్తాం," అంది జోడీ ఓపిగ్గా.

ఫోన్ పెట్టేశాక నరెల్ ఏడవలేదు. చేతికంటిన పిండి గోకేసుకుంటూ నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఎవరి మీద మండాలి? ఆ రూలు ఎందుకు పెట్టారో ఆలోచిస్తే తెలుస్తూనే ఉంది. నాలుగేసి ఇళ్లు కొనుక్కుని, అన్నిటి మీదా నష్టాలు చూపించి, మేం పేదవాళ్లమని భృతికి చెయ్యి చాచే పెద్దమనుషులుంటారు. వాళ్లని ఆపడానికి పెట్టారు. న్యాయమే. ఆ న్యాయం కింద నా కొడుకు పెద్ద ఆస్తిపరుడైపోయాడు. నెత్తి మీద అప్పు, కార్డెల్‌లో బోర్డు. ఇంతకంటే ఆస్తి ఏం కావాలి?

ఆ సాయంత్రం రెంజో డ్యూటీ దిగి వచ్చేదాకా నరెల్ ఏమీ చెప్పలేదు. చెప్పాక రెంజో అడిగింది ఒక్కటే. "మనం అబద్ధం చెప్పామనుకుంటున్నారా వాళ్లు?"

"లేదు. పొరపాటంటున్నారు."

"సరే అయితే," అని స్నానానికి వెళ్లాడు. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

మాల్కంని నిలదీయకుండా ఉండడం నా వల్ల కాలేదు. నరెల్ వద్దంటున్నా కారెక్కి కూర్చుని క్లబ్బుకి పోనిమ్మన్నాను. అతను తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు వేసుకుని పచ్చికలో బంతులు దొర్లించే ఆట ఆడుతున్నాడు. నన్ను చూడగానే బంతి చంకలో పెట్టుకుని కంచె దగ్గరికొచ్చాడు.

"తెలుసు పియరీనా. రెంజో చెప్పాడు."

"తెలిస్తే ముందెందుకు చెప్పలేదు? నా సాసేజీలు తింటూ కూర్చున్నావు కదా ఆ రోజు."

"నేను పన్ను చూస్తాను. భృతి నా పని కాదు. అడిగుంటే చెప్పేవాణ్ణి."

"అడగాలని ఎవరికి తెలుసు? నష్టం మంచిదని నువ్వే కదా వాడికి చెప్పింది."

నరెల్ మెల్లగా, "ఇల్లు అమ్మేస్తే?" అంది.

"ఇప్పుడమ్మితే వచ్చేది అప్పులో సగానికి కూడా రాదు నరెల్. మిగతాది ఇల్లు లేకుండానే కట్టాలి."

"సరే. నా డబ్బు ఇస్తా," అన్నాను. నా అంత్యక్రియల కోసమని, ఆల్డో పక్కన రాయి కోసమని దాచుకున్నది కొంత ఉంది. మిల్లువాళ్లు ఆల్డోకి బాకీపడ్డ పాత కూలి డబ్బు కూడా అందులోనే ఉంది. "మొత్తం వాడికిచ్చేస్తా. నాకు పెన్షన్ వస్తోందిగా."

మాల్కం మొహం ఇంకా చిన్నబోయింది. "అంత ఇస్తే కుదరదు. ఒక హద్దు దాటి ఇచ్చింది నీ దగ్గరే ఉన్నట్టు లెక్క వేస్తారు. ఇంకా చాలా ఏళ్లు. నీ పెన్షన్ కూడా తగ్గిస్తారు."

"ఇచ్చేశాక నా దగ్గర ఎలా ఉంటుంది?"

"లెక్కలో ఉంటుంది."

"పోయిన డబ్బుని ఉన్నట్టు చూపించడం ఈ దేశంలో ఒక చదువా? పన్నుకైతే ఉన్నది పోయినట్టు, భృతికైతే పోయింది ఉన్నట్టు. నీ జన్మంతా ఇదేనా చేశావు?"

"అరవకు పియరీనా," అన్నాడు. కాసేపు బంతిని అటూ ఇటూ తిప్పి, "నాకూ కార్డెల్‌లో ఇళ్లున్నాయి. రెండు," అన్నాడు.

తిట్టడానికి ఉన్న ఒక్క మనిషీ చేజారిపోయాడు. ఇంటికొస్తూ నరెల్, "పాపం," అంది. ఎవరి గురించి అన్నదో నేనడగలేదు.

డబ్బు సంగతి రెంజోకి నేనే స్వయంగా చెప్పి చూశాను, హద్దు వరకైనా తీసుకోమని. వాడు బూట్లు విప్పుకుంటూ నవ్వాడు. "నువ్వు చావడం మానేస్తానంటే తీసుకుంటా."

"మానేస్తాలేరా. తీసుకో."

"ఎన్నాళ్లొస్తుందమ్మా అది? వచ్చే కొన్ని బ్యాంకు కంతులకి సరిపోతుంది. ఆ తరవాత?"

నేను వాడి బూట్లు తీసుకెళ్లి గుమ్మం పక్కన పెట్టాను.

రోజులు అలాగే జరిగాయి. నరెల్ బడి క్యాంటీన్‌లో చేసే రెండు రోజుల పనికి ఇంకో రోజు అడిగింది, దొరకలేదు. బియాంకా ఈత క్లాసు మానేసింది. తనకే విసుగొచ్చిందని చెప్పింది, అడగకుండానే. రైలు మాత్రం రోజూ కంచె దగ్గర రెండు కూతలు వేస్తూనే ఉంది. అది వినిపించిన ప్రతిసారీ ఇవాళ్టికి గండం గడిచిందనుకునేదాన్ని.

మా వైపు చెరకు కోసే ముందు పొలానికి నిప్పు పెడతారు. ఎండాకు తగలబడిపోయి గడలు మిగులుతాయి. మంట లేచిందంటే ఊరంతా నల్లటి బూడిద రాలుతుంది, బయట ఆరేసిన బట్టలు నాశనమే. ఆ సాయంత్రం పక్క పొలం అంటించారు. నేనూ నరెల్ పరిగెత్తుకెళ్లి తీగ మీది బట్టలు లాగుతున్నాం. రెంజో డ్యూటీ నుంచి వచ్చి, సాయం పట్టకుండా, మెట్ల దగ్గర నిలబడి మంటకేసి చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు. "నీ గదిలో నాన్న పరుపు ఉంది కదా. ఎవరన్నా వాడుతున్నారా?"

"ఎవరు వాడతారు? చుట్టి మూల పడేశాను."

"సరే."

అంతే అన్నాడు. నరెల్ చేతిలో దుప్పటి మడత పెడుతూనే ఉంది. ఆమె ఆగలేదు కాబట్టి ఆమెకి ముందే తెలుసని నాకర్థమైంది. బూడిద ఆమె జుట్టు మీద పడుతోంది. నేను బట్టల బుట్ట పక్కనే కూర్చుండిపోయాను.

కార్డెల్ గనిలో యంత్రాలు బాగుచేసే ఒక చిన్న కాంట్రాక్టరు మనుషుల్ని తీసుకుంటున్నాడట. క్యాంపులో మంచం ఇవ్వలేనన్నాడట. ఆ ఊళ్లోనే ఉండడానికి సొంత చోటుంటే రమ్మన్నాడు. అంత దూరంలో, అంత ఖాళీగా, మావాడికి చోటుండనే ఉంది. పదిరోజులు పని, నాలుగు రోజులు సెలవు. సెలవుల్లో రాకపోకలకే ఒక రోజు పోతుంది.

క్రషింగ్ మధ్యలో రైలు వదిలి పోయినవాణ్ణి మా మిల్లు చూడలేదు. జ్వరమొచ్చినా, పెళ్లైనా, మిల్లు పొయ్యి ఆరేదాకా బండి దిగరు. మిల్లువాళ్లు కోప్పడతారని భయపడ్డాను. ఎవరూ కోప్పడలేదట. యార్డులో ఒక్కొక్కరే వచ్చి భుజం తట్టి పోయారట. వాళ్లలో చాలామందికి కూడా కార్డెల్‌లో బోర్డులున్నాయి.

తెల్లారుతూనే బయలుదేరాడు. బండి వెనక పరుపు తాళ్లతో కట్టాడు. ఆల్డో పోయాక ఆ పరుపు మీద ఎవరూ పడుకోలేదు. ఒక మనిషి గనుల నుంచి వచ్చి పడుకున్న పరుపు ఇప్పుడు ఇంకో మనిషితో గనికి పోతోంది. ఏదో ఒకటి చెయ్యాలని గిన్నెనిండా సాసు కట్టిచ్చాను.

"నాన్నా, ఈ పరుపు ఎక్కడికి పోతోంది?" అని అడిగాడు లూకా.

"మన ఇంకో ఇంటికి," అన్నాడు రెంజో.

"మనకి ఇంకో ఇల్లుందా?" లూకా మొహం వెలిగిపోయింది. ఆ ఇల్లు తలచుకుని ఆనందపడింది వాడొక్కడే.

మొదటి రోజు ఫోన్ చేసి, బోర్డు తనే పీకేశానని చెప్పాడు. వీధిలో ఒక్క దీపం వెలుగుతోందంటే అది తనదేనన్నాడు. మాల్కం నరెల్‌కి ఇంకో సంగతి చెప్పాడు. ఇంటి యజమానే అందులో ఉంటున్నాడు కాబట్టి అది ఇక అద్దె ఇల్లు కాదు. కాబట్టి ఇక మీదట ఆ నష్టాన్ని పన్నులో చూపించడానికి కూడా వీల్లేదు. చివరికి నష్టం కూడా మా చేతిలో లేకుండా పోయింది. బ్యాంకు కంతు మాత్రం ఉంది.

రైలుకి కొత్త డ్రైవరు వచ్చాడు. మంచివాడే కావచ్చు. మా కంచె దగ్గర కూత వెయ్యాలని అతనికి ఎవరు చెప్తారు? లూకా కొన్నాళ్లు పరిగెత్తాడు. తరవాత చప్పుడు వినగానే లేచి నిలబడేవాడు. ఆ తరవాత లేవడం కూడా మానేశాడు. రైలు ఇంటి వెనకే పోయేది, వాడు నేల మీద కూర్చుని ఆడుకుంటూనే ఉండేవాడు.

రెంజో రెండో సెలవుకి వచ్చినప్పుడు మనిషి నల్లబడ్డాడు, చిక్కాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, లూకా ఎక్కడ నా వెనక దాక్కుంటాడోనని భయపడుతూ. దాక్కోలేదు. వాడు లోపలికి పోయి కుర్చీ ఒకటి రెండు చేతులతో ఈడ్చుకొచ్చి, "కూర్చో నాన్నా. నీళ్లు కావాలా?" అన్నాడు. ఇంటికొచ్చిన పెద్దవాళ్లకి అలా చెయ్యాలని నేనే నేర్పాను.

రెంజో కూర్చున్నాడు. "థాంక్స్," అన్నాడు. పిల్లాడు తెచ్చిన నీళ్లు మొత్తం తాగాడు.

వాడు తిరిగి పోయాక నరెల్ భృతి ఆఫీసుకి మళ్లీ ఫోన్ చేయాల్సొచ్చింది. జీతం మారింది, చెప్పకపోతే మళ్లీ బాకీ అంటారు. పోయినసారిలాగే కింద నా బల్ల దగ్గర, అదే పిండి పక్కన ఫోన్ పెట్టింది. అదే పాట. ఈసారి గొంతు వేరే పిల్లది. జోడీ కంటే ఇంకా మెత్తన. నరెల్ కొత్త జీతం చెప్పింది. అటు నుంచి టకటకా నొక్కుతున్న చప్పుడు.

"ఈ జీతానికైతే మీకు భృతి రాదు నరెల్. పాత బాకీ మాత్రం ఎలా కడతారో మాట్లాడుకోవాలి."

"సరే."

"ఇంకొకటి. మీవారి చిరునామా ఇప్పుడు కార్డెల్ అని ఉంది. మీది పాతదే ఉంది."

"అవును. పని అక్కడ."

"ఇది అడగక తప్పదండీ, ఏమీ అనుకోకండి. మీరిద్దరూ విడిపోయారా?"

నరెల్ చెయ్యి ఫోర్కు మీద ఆగింది.

"ఎందుకంటే," అంది ఆ పిల్ల మెల్లగా, "విడిపోయుంటే ఆయన జీతం మీ లెక్కలోకి రాదు. అప్పుడు మీ ఒక్కరి ఆదాయమే చూస్తాం. పూర్తి భృతి వస్తుంది."

ఇంటి వెనక నుంచి రైలు వస్తున్న చప్పుడు మొదలైంది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. నరెల్ ఫోన్‌కేసి చూస్తోంది. ఒక్క మాట చాలు. అబద్ధం కూడా పూర్తిగా కాదు. ఆయన మంచం అక్కడ, ఈమె మంచం ఇక్కడ. బియాంకా ఈత క్లాసు, బ్యాంకు కంతు, అన్నీ ఆ ఒక్క మాట అవతల ఉన్నాయి. అనెయ్యమ్మా అని నాకే అనిపించింది. వాణ్ణి కన్నదాన్ని నేను, నాకే అనిపించింది.

రైలు కూత వెయ్యకుండా వెళ్లిపోయింది.

"లేదు," అంది నరెల్. "కలిసే ఉన్నాం."

"అలాగేనండీ. అయితే కలిసే ఉన్నారని రాసుకుంటాను." మళ్లీ టకటకా నొక్కింది. "ఇంకేమైనా సాయం కావాలా నరెల్?"

నరెల్ కొంచెంసేపు నిజంగానే ఆలోచించింది, అడగడానికి ఏమన్నా మిగిలిందా అని.

"లేదు," అంది. "థాంక్స్."

ఫోన్ పెట్టేసి మళ్లీ ఉండలు దొర్లించడం మొదలుపెట్టింది. రెంజో లేని ఇంట్లో అంత వంట ఎవరికీ అక్కర్లేదని మా ఇద్దరికీ తెలుసు. అయినా కలిపిన పిండి అయిపోయేదాకా చేస్తూనే ఉన్నాం.